గేమింగ్‌కూ సంగీతానికీ: ఎక్కువ డబ్బు హెడ్‌ఫోన్లకా, మైకుకా?

పానగల్లు వాసి: అందరికీ నమస్కారం. నల్లగొండలో ఉంటాను. రాత్రిళ్లు మిత్రులతో వాలరెంట్ అనే ఆన్‌లైన్ తుపాకుల ఆట ఆడతాను, తీరిక దొరికినప్పుడల్లా పాటలు వింటాను. పాత హెడ్‌సెట్ మైకు చెడిపోయింది కనుక ఈసారి హెడ్‌ఫోన్లు, మైకు విడివిడిగా కొనాలనుకుంటున్నాను. చేతిలో 12,000 రూపాయలు ఉన్నాయి. దేనికి ఎక్కువ కేటాయించాలి?

పాలమూరు శ్రోత: హెడ్‌ఫోన్లకే. మైకుతో మీకు పని మాట్లాడినంతసేపే; హెడ్‌ఫోన్లు గంటల తరబడి చెవుల మీద ఉంటాయి. ఓపెన్ బ్యాక్ రకం తీసుకోండి. దాని వెనుక భాగం జాలీలా తెరిచి ఉండడం వల్ల లోపలి శబ్దం అక్కడే సుడి తిరగకుండా బయటికి పోతుంది. పాటలో వీణ ఒక పక్క, మృదంగం మరో పక్క ఉన్నట్లు తెలుస్తుంది. ఆటలో అడుగుల చప్పుడు ఏ మూల నుంచి వస్తున్నదో పోల్చుకోవచ్చు. పెట్టె మీద 7.1 (చుట్టూ స్పీకర్లు ఉన్నట్లు వినిపించే సరౌండ్ శబ్దం) అని రాసి ఉన్నంత మాత్రాన ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వకండి. ముఖ్యంగా రెండు చెవులకూ చప్పుడు చేరే సమయంలో, తీవ్రతలో ఉన్న తేడాను బట్టి మెదడు దిక్కును గుర్తిస్తుంది. వాలరెంట్ సెట్టింగులలోని హెచ్‌ఆర్‌టీఎఫ్ అనే సౌకర్యం మామూలు హెడ్‌ఫోన్లలోనే అలాంటి తేడాలను కల్పిస్తుంది. దాని మీద మరో 7.1 సాఫ్ట్‌వేర్ నడిపితే దిక్కులు కలగాపులగమవుతాయి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వంటి 300 ఓమ్‌ల (విద్యుత్ నిరోధం ఎక్కువగా ఉన్న) వాటి జోలికి ఇప్పుడు పోవద్దు. వాటికి వేరే ఆంప్లిఫయర్ ఉంటేనే బాగుంటుంది.

మిర్యాలగూడ స్వరం: శ్రోత గారి మాటతో ఏకీభవించలేను. నేను రెండేళ్లు ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పాను. మా వీధి చివర బియ్యం మిల్లు ఉంది. నా హెడ్‌ఫోన్లు మంచివి కావడంతో పిల్లల మాట నాకు స్పష్టంగా వినిపించేది. నా మాట వాళ్లకు ఎలా చేరుతున్నదో మాత్రం తెలియలేదు. తల్లిదండ్రుల ఫిర్యాదులతో ఆ పని పోయిన తరువాతే నా గొంతును రికార్డు చేసుకుని విన్నాను. మాట కంటే మిల్లే ఎక్కువ వినిపించింది. కాబట్టి డబ్బు మైకుకే పెట్టండి, అదీ వేదికల మీద చేత్తో పట్టుకుని పాడే డైనమిక్ రకం మైకుకు. స్టూడియోల్లో వాడే సున్నితమైన కండెన్సర్ రకం చుట్టుపక్కల చప్పుడంతా లాగుతుంది.

కోదాడ నుంచి: ఏది కొన్నా వైరుదే కొనండి. మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైకు తెరవగానే పాట ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది.

పాలమూరు శ్రోత: కండెన్సర్ చప్పుడును లాగుతుందనే మాట చాలామంది అంటారు కానీ అది సరికాదు. ఒకే దిశలో వినే రెండు మైకులను నోటికి ఒకే దూరంలో ఉంచి, గొంతు సమానంగా వినిపించేలా సరిచేస్తే, రెండింటిలోనూ గది చప్పుడు దాదాపు ఒకే మోతాదులో వస్తుంది. డైనమిక్ మైకును నోటికి ఆనించినంత దగ్గరగా, కండెన్సర్‌ను బల్ల మీద మూరెడు దూరంలో పెట్టుకోవడం మన అలవాటు. తేడా అక్కడ వస్తున్నది. దూరం సగానికి తగ్గిన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 40 సెంటీమీటర్ల నుంచి 10కి తెస్తే 12 డెసిబెల్స్ లాభం, అదీ ఖర్చు లేకుండా. మీ ఉద్యోగం పోవడానికి కారణం మైకు రకం కాదు, దాన్ని పెట్టిన చోటు.

మిర్యాలగూడ స్వరం: ఆ రెండేళ్ల నా కష్టాన్ని మీరు రెండు అంకెలతో కొట్టిపారేశారు. దూరం సంగతి ఆనాడు నాకు ఎవరూ చెప్పలేదు, మైకు అమ్మిన దుకాణదారు సైతం. మీ ప్రతి మాటలోనూ మీ చెవుల సుఖమే కనిపిస్తున్నది. మైకు తెరిచినవాడు అవతలి నలుగురి చెవుల్లో కూర్చున్నట్టే. వాళ్లు ఏమి భరిస్తున్నారో తెలుసుకోవలసిన బాధ్యత అతనిది కాదా?

పాలమూరు శ్రోత: నా చెవుల సుఖమే కోరుకుంటున్నాను, అందులో తప్పేమీ కనిపించడం లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా దుకాణంలో నిలబడి పదిమంది చెప్పిందల్లా వింటాను. రాత్రి ఆ గంటన్నర పాట ఒక్కటే నాది. దానికి పెట్టే డబ్బును కూడా ఎదుటివారి కోసమే ఖర్చు చేయమంటే ఒప్పుకోలేను.

దేవరకొండ రాగం: ఇంతసేపూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. పానగల్లు వాసి గారూ, రాత్రి మీరు ఆడే గదిలో ఇంకెవరైనా ఉంటారా?

పానగల్లు వాసి: ముందే చెప్పవలసింది, క్షమించండి. మాది రెండు గదుల ఇల్లు. అమ్మ అదే గదిలో పడుకుంటుంది. ఎండాకాలంలో కిటికీ దగ్గర కూలర్ తెల్లవార్లూ నడవాల్సిందే. నా మాటకు ఆమె రెండు మూడుసార్లు లేచి కూర్చున్న రాత్రులు ఉన్నాయి, కానీ ఆడవద్దని ఏనాడూ అనలేదు.

పాలమూరు శ్రోత: అలాగైతే నా సలహా మార్చుకుంటున్నాను. ఓపెన్ బ్యాక్ వద్దు. అందులోని శబ్దం ఆమెకూ వినిపిస్తుంది, మీకేమో కూలర్ హోరు వినిపిస్తుంది. ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం40ఎక్స్ వంటి, వెనుక మూసి ఉన్న క్లోజ్డ్ బ్యాక్ చూడండి. 35 ఓమ్‌లదే కనుక కంప్యూటర్ సాకెట్‌కు నేరుగా పెట్టుకోవచ్చు. పాట కాస్త ఇరుకుగా వినిపిస్తుంది, దానికి నాకు బాధగానే ఉంది. పెద్ద వాటా హెడ్‌ఫోన్లదే అన్న మాట మీద మాత్రం ఇప్పటికీ నిలబడతాను.

మిర్యాలగూడ స్వరం: వాటా గురించి ఇక వాదించను. తమ్ముడూ, మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉంటే గుసగుసకు కాస్త పైన మాట్లాడినా మిత్రులకు చేరుతుంది, అమ్మకు నిద్ర చెడదు. కార్డియాయిడ్ (ముందు వైపు మాటనే ఎక్కువగా వినే) రకం యూఎస్‌బీ మైకు, దాన్ని పట్టి ఉంచేందుకు బల్లకు బిగించే చేయి లాంటి స్టాండు ఒకటి తీసుకోండి. ఆ రకం మైకు తన వెనుక నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తక్కువగా తీసుకుంటుంది కనుక మీరు కూలర్ వైపు ముఖం పెట్టి కూర్చుంటే మైకు వీపు కూలర్‌కు ఉంటుంది. గాలి నేరుగా తగలకుండా కొంచెం పక్కకు జరిపి, స్పాంజి తొడుగు వేయండి. ఆటలో మీట నొక్కితేనే మాట వెళ్లేలా పెట్టుకోండి.

పానగల్లు వాసి: ఇప్పుడు నా వీపు కూలర్‌కు, ముఖం అమ్మ మంచం వైపు ఉంది. ఆదివారం బల్ల తిప్పుతాను. ఒక్క సందేహం: మా బల్ల పలక రెండు అంగుళాల మందం ఉంటుంది, బిగించే చేయి దానికి పడుతుందా?