రెండు పేజీల కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు, పూర్తి కాంట్రాక్టు తర్వాతట. ఏం చేయాలి?

పిట్‌బోర్డ్ అక్క:
మా తమ్ముడికి 18 ఏళ్లు. కార్టింగ్ వదిలి ఫార్ములా కార్లలోకి వచ్చి ఇది రెండో ఏడాది. వచ్చే సీజన్‌కి ఒక టీమ్ సీటు ఇస్తామంది. కానీ చేతికి వచ్చింది రెండు పేజీల టర్మ్ షీట్, అంటే ముఖ్యమైన షరతులు మాత్రమే రాసిన కాగితం. "ముందు దీని మీద సంతకం పెట్టండి, అసలు కాంట్రాక్టు మా లాయర్లు తర్వాత పంపుతారు" అంటున్నారు. శుక్రవారం దాకానే గడువు. రెండో పేజీ చివర, తర్వాతి రెండేళ్లకు కూడా వాడి మీద టీమ్‌కి "ఆప్షన్" (కావాలంటే వాణ్ణి ఉంచుకునే హక్కు) ఉంటుందని ఒకే ఒక్క వాక్యం ఉంది. వాడేమో పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఫార్ములా వన్ డ్రైవర్ పియాస్ట్రి గొడవ కూడా ఇలాంటి కాగితం మీదేనని విన్నాను, నిజమేనా? పెట్టమనాలా, ఆగమనాలా?

ఆరో గేర్:
పెట్టేయమనండి. సీటు దొరకడమే కష్టం, వీళ్లు కాదంటే లైన్లో ఇంకో పదిమంది ఉంటారు. రేపు నచ్చకపోతే బయటికి రావచ్చు. ఇష్టం లేని డ్రైవర్‌తో ఏ కోర్టూ బలవంతంగా కారు నడిపించదు.

ఖాళీ గ్రిడ్ స్లాట్:
అక్కా, ఆగమనండి. నేనూ జూనియర్ ఫార్ములాలో నడిపినవాణ్ణే. సరిగ్గా ఇలాంటి రెండు పేజీల మీదే సంతకం పెట్టాను.

ముందు పియాస్ట్రి సంగతి. 2021 నవంబర్‌లో ఆల్పీన్ టీమ్‌తో అతనికి ఉన్నది టర్మ్ షీట్ స్థాయి కాగితమే. రేసు సీటు గురించి పక్కా కాంట్రాక్టు రావాల్సి ఉండగా నెలలు గడిచిపోయాయి. అతను 2022 జులై 4న మెక్‌లారెన్ అనే ఇంకో టీమ్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఆగస్టు 1న ఆల్పీన్ డ్రైవర్ అలోన్సో తాను ఆస్టన్ మార్టిన్ టీమ్‌కి వెళ్తున్నానని చెప్పడంతో, మర్నాడే ఆల్పీన్ "2023లో మా డ్రైవర్ పియాస్ట్రి" అని ప్రకటించేసింది. కొన్ని గంటల్లోనే అతను ట్విట్టర్‌లో "నన్ను అడగకుండా ప్రకటించారు, నేను వాళ్లకి నడపను" అన్నాడు. ఫార్ములా వన్ కాంట్రాక్టుల తగాదాలు తేల్చడానికి జెనీవాలో కాంట్రాక్ట్ రికగ్నిషన్ బోర్డు ఉంది. సెప్టెంబర్ 2న ఆ బోర్డు, చెల్లే కాంట్రాక్టు మెక్‌లారెన్‌దే అని ఏకగ్రీవంగా తేల్చింది.

ఇది విని "అయితే టర్మ్ షీట్ చెల్లదులే, మనకేం భయం" అనుకోకండి. పియాస్ట్రికి పక్కన మెక్‌లారెన్ నిలబడి ఉంది, లాయర్లున్నారు. ఆ బోర్డు ఉన్నది ఫార్ములా వన్ వాళ్లకి. మీ తమ్ముడికి తగాదా వస్తే మామూలు కోర్టే గతి, ఆలోగా సీజన్ అయిపోతుంది.

ఒక్క మాట ఎంత పని చేస్తుందో 1991లోనే తెలిసింది. షూమాకర్ బెల్జియంలోని స్పా ట్రాక్‌లో జోర్డాన్ టీమ్ కారులో తొలి రేసు నడిపాడు. "ఆ ఒప్పందం మీద సంతకం చేస్తాను" అని ఉండాల్సిన లేఖలో "ఆ" పోయి "ఒక" వచ్చింది. ఏ ఒప్పందమో చెప్పకుండా వదిలేసినట్టే. టీమ్ యజమాని జోర్డాన్ లండన్‌లో కోర్టుకెక్కినా ఆపలేకపోయాడు, తర్వాతి రేసుకి షూమాకర్ బెనెటన్ టీమ్‌లో ఉన్నాడు. నాకు బాధనిపించేది మొరెనో గురించి. బెనెటన్‌లో ఆ సీటు అతనిదే. అదే స్పాలో నాలుగో స్థానంలో వచ్చాడు, రేసులో అందరికన్నా వేగంగా తిరిగిన ల్యాప్ కూడా అతనిదే. ఇటలీలో కోర్టుకి వెళ్తే తీర్పు అతని వైపే వచ్చింది. చివరికి డబ్బు తీసుకుని సీటు ఖాళీ చేశాడు.

సీటు తనదేనని కోర్టుకెక్కిన డ్రైవర్ వాన్ డెర్ గార్డే 2015లో సౌబర్ టీమ్ మీద గెలిచాడు. స్విట్జర్లాండ్ ఆర్బిట్రేషన్‌లో గెలిచాడు, మెల్‌బోర్న్ కోర్టులో గెలిచాడు, అప్పీల్లోనూ గెలిచాడు. శుక్రవారం పొద్దున గ్యారేజీలోకి వెళ్తే వేసుకోవడానికి తన సూట్ లేదు, అదే టీమ్ డ్రైవర్ ఎరిక్సన్ సూట్ వేసుకున్నాడు. మొదటి ప్రాక్టీసుకి టీమ్ అసలు కార్లే బయటికి తీయలేదు. ఆఖరికి పరిహారం తీసుకుని వెళ్లిపోయాడు, మళ్లీ ఫార్ములా వన్ రేసు నడపలేదు.

నా కథకి ఇంత పేరు లేదు. నాలుగు రౌండ్లు నడిపాను. ఐదో రౌండ్‌కి వెళ్లేసరికి కారు పక్కన నా పేరు స్టిక్కర్ గీకేసి ఉంది, జిగురు మరక ఇంకా ఆరలేదు. నా ఒంటికి సరిపోయేలా ఫోమ్ పోసి చేసిన సీటు ట్రక్కు మూల నల్ల ప్లాస్టిక్ సంచిలో పడి ఉంది. ఎక్కువ డబ్బు తెచ్చినవాడు దొరికాడంతే. నా కాగితంలో "సీజన్" అని ఉంది గానీ ఎన్ని రేసులో లేదు. మధ్యలో తీసేస్తే కట్టిన డబ్బు ఎంత వెనక్కి ఇవ్వాలో అసలే లేదు. ఆ సంచి మోసుకుని గేటు దాకా నడిచాను.

ఆరో గేర్ గారూ, బలవంతంగా నడిపించరన్నది నిజమే. కానీ ఇంకెక్కడా నడపకుండా ఆపగలరు, డబ్బు కక్కించగలరు. అమెరికా ఇండీకార్ రేసుల డ్రైవర్ పాలౌని చూడండి. 2022 జులైలో అతని టీమ్ గనాసీ తన ఆప్షన్ వాడుకున్నానని ప్రకటిస్తే ఒప్పుకోలేదు, మెక్‌లారెన్‌కి వెళ్తానన్నాడు. రాజీ కుదిరాక గనాసీలోనే ఉండిపోయి మెక్‌లారెన్‌ని వద్దన్నాడు. ఆ ఒప్పందం తప్పినందుకు లండన్ హైకోర్టు 2026 జనవరిలో మెక్‌లారెన్‌కి 1.2 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. ఇండీకార్ టైటిళ్లు వరసగా గెలిచేవాడు కాబట్టి తట్టుకుంటాడు. పద్దెనిమిదేళ్ల పిల్లాడు?

పిట్‌బోర్డ్ అక్క:
ఆ ప్లాస్టిక్ సంచి మాట తమ్ముడికి చదివి వినిపించాను, పెన్ను పక్కన పెట్టాడు. మరి టీమ్‌ని కోపం తెప్పించకుండా ఏం అడగాలి?

ఖాళీ గ్రిడ్ స్లాట్:
ముందు ఒక్క వాక్యం చేర్చమనండి: ఫలానా తేదీలోగా పూర్తి కాంట్రాక్టు రాకపోతే ఈ కాగితం రద్దు, కట్టిన డబ్బు వాపసు. ఆప్షన్ ఏ తేదీలోపు వాడుకోవాలో, రాతపూర్వకంగా చెప్పాలో లేదో, వాడుకుంటే ఏ కారు, ఎన్ని రేసులో రాయించండి. ఆ ఆప్షన్ వాళ్లకే ఉండి మీకు లేకపోతే, వాళ్లు తేల్చేదాకా తమ్ముడు ఇంకో టీమ్‌తో మాట్లాడలేడు. సీజన్ మధ్యలో తీసేస్తే లెక్క ఎలాగో తప్పకుండా ఉండాలి. ఇవన్నీ ఫోన్లో వద్దు, మెయిల్లో అడగండి. నిజంగా సీటు ఇచ్చే టీమ్ వీటికి కోపగించుకోదు.

పిట్‌బోర్డ్ అక్క:
మెయిల్ ఇప్పుడే పంపాం. ఇంకో పది రోజులు గడువు అడిగాం. జవాబు రాగానే ఇక్కడే పెడతాను.