76 ఏళ్ళ నాన్నగారిని శాంటా ఫే ఆపెరాకి తీసుకెళ్ళవచ్చా?

హార్మోనియంగారబ్బాయి

అందరికీ నమస్కారం. మేం అమెరికాలో, న్యూ మెక్సికో రాష్ట్రంలోని అల్బకర్కీలో ఉంటాం. నాన్నగారు వచ్చి ఆరు వారాలైంది, ఇంకో నెల ఉంటారు. ఆయన ముప్పై ఏళ్ళు పద్యనాటకాలకి హార్మోనియం వాయించారు. ఇప్పుడు వేళ్ళు సరిగా వంగట్లేదు గానీ చెవి మాత్రం అలాగే ఉంది. టీవీలో ఎవరైనా పాడుతూ శ్రుతి జారితే ఆయన ముఖం చూస్తే చాలు, మాకు తెలిసిపోతుంది.

మొన్న భోజనాల దగ్గర ఒక మాటన్నారు. "నా చిన్నప్పుడు మైకు లేకుండానే పద్యం ఎత్తుకునేవాళ్ళురా. పందిరి చివర కూర్చున్నవాడికి కూడా ప్రతి అక్షరం వినపడేది. ఇప్పుడలా పాడేవాళ్ళు ఎక్కడా లేరు." ఉన్నారు నాన్నా, ఇక్కడికి గంట దూరంలోనే ఉన్నారు అన్నాను. అన్నానే గానీ నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

నేనన్నది శాంటా ఫే ఊరి ఆపెరా గురించి. ఆపెరా అంటే మాటలన్నీ పాటగానే పాడే పాశ్చాత్య నాటకం. అక్కడ ఆడుతున్న లా బొహెమ్ అనే ఇటాలియన్ ఆపెరాకి టికెట్లు చూస్తున్నాను. మూడు సందేహాలు. ఆయనకి ఇటాలియన్ ఎలాగూ రాదు, ఇంగ్లీషు చదవగలరు గానీ గబగబా చదవలేరు. రాత్రి ఎనిమిదిన్నరకి మొదలంటే ముగిసేసరికి పదకొండవుతుంది, అది బయలు థియేటరు. పైగా మోకాళ్ళ నొప్పులు. ఆయన ఇబ్బంది పడతారేమోనని మా ఆవిడ భయపడుతోంది. వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

కొండగాలి

తప్పకుండా తీసుకెళ్ళండి తమ్ముడూ. నేను లాస్ అలమోస్‌లో ఉంటాను, మావారు ఇక్కడ ల్యాబ్‌లో పని చేస్తారు. 2018 నుంచి మాకు వీలైన ప్రతి వేసవీ వెళ్తున్నాం. మొదటిసారి మా అమ్మతో వెళ్ళాను, అందుకే మీ ప్రశ్న చూడగానే రాయకుండా ఉండలేకపోయాను.

ఆ రోజు ఆడింది మేడమ్ బటర్‌ఫ్లై అనే ఆపెరా. జాన్ క్రాస్బీ అనే ఆర్కెస్ట్రా కండక్టర్ 1957 జులైలో ఈ శాంటా ఫే ఆపెరా సంస్థని మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట ఆడింది కూడా అదేనట. అమ్మకి ఇంగ్లీషు అసలు రాదు. ప్రతి సీటు ముందూ చిన్న తెర ఉంటుంది, పాడుతున్న మాటలకి అర్థం ఇంగ్లీషులోనో స్పానిష్‌లోనో అందులో వస్తుంది. నేనది చదివి అమ్మ చెవిలో తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ముందు వరసాయన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అయినా ఆపలేదు. చివరికి అమ్మే నా చెయ్యి పట్టుకుని "నువ్వు మాట్లాడకు, నాకు తెలుస్తోంది" అంది.

తర్వాత ఆ ఘట్టం వచ్చింది. మూడేళ్ళుగా భర్త కోసం ఎదురు చూస్తున్న పిల్ల, ఓడ రేవుకొచ్చిందని తెలిసి, రాత్రంతా బయటికి చూస్తూ నిలబడుతుంది. పనిమనిషీ, పసివాడూ నిద్రపోతారు. ఆవిడ నిద్రపోదు. అప్పుడు తెర వెనక నుంచి బృందం పాడుతుంది. ఆ పాటకి మాటలే లేవు, పెదాలు మూసుకుని తీసే రాగం, అంతే. ముందున్న చిన్న తెర నల్లగా ఉండిపోయింది. నేను చదివి చెప్పడానికి ఏమీ లేదు. పక్కకి చూస్తే అమ్మ చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. మా నాన్న గల్ఫ్‌లో ఉన్న తొమ్మిదేళ్ళూ వీధి గుమ్మం వైపు చూస్తూ గడిపిన మనిషి ఆమె. అందుకే భాష గురించి మీరు దిగులు పడకండి అంటున్నాను.

మీరు చెయ్యాల్సింది ఒక్కటే. కథ ముందే చెప్పెయ్యండి, మొత్తం, ముగింపుతో సహా. మనవాళ్ళు రాయబారం నాటకానికి వెళ్ళేది కృష్ణుడు చివరికి ఏం చేస్తాడో తెలియక కాదు కదా. తెలిసిన కథలో ఈ రాత్రి ఈ మనిషి ఆ పద్యం ఎలా పాడతాడో వినడానికి వెళ్తారు. అది మీ నాన్నగారికి మీకంటే నాకంటే బాగా తెలుసు. లా బొహెమ్ కథ చెప్పడం తేలిక. పారిస్‌లో చలికాలం, డబ్బుల్లేని నలుగురు కుర్రాళ్ళు, పై అంతస్తులో ఒక గది. క్రిస్మస్ ముందు రాత్రి కింద గదిలో ఉండే అమ్మాయి కొవ్వొత్తి ఆరిపోయి వెలిగించుకోవడానికి పైకొస్తుంది. బట్టల మీద పువ్వులు కుట్టి బతికే పిల్ల, మీమీ. తాళంచెవి పడిపోతుంది. అప్పుడు గదిలో ఆ నలుగురిలో ఒక్కడే ఉంటాడు. చీకట్లో ఇద్దరూ వెతుకుతుంటే ఆ కుర్రాడి చేతికి ఆమె చెయ్యి తగులుతుంది. మంచులా చల్లగా ఉంటుంది. ఆమెకి క్షయ. అక్కణ్ణుంచి మీరు చెప్పగలరు. నాలుగు అంకాలున్నా అన్నీ చిన్నవే, సంగీతం మొత్తం కలిపి రెండు గంటలు కూడా ఉండదు. మొదటిసారికి ఇంతకంటే మంచిది దొరకదు.

ఇక చలి. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అక్కడ ఎత్తు సుమారు 7,000 అడుగులు. పగలు ఎండ మండిపోతుంది, పొద్దు వాలగానే గాలి మారిపోతుంది. మా అమ్మ ఆ రోజు పట్టుచీర మీద పల్చటి శాలువా ఒక్కటే వేసుకుని వచ్చింది. రెండో అంకానికే వణుకు మొదలైంది. పక్కనున్న ముసలావిడ ఏమీ అడక్కుండానే తన దుప్పటి సగం తీసి అమ్మ ఒళ్ళో కప్పింది. మీరు దుప్పటి, మేజోళ్ళు, చెవులు మూసే టోపీ తీసుకెళ్ళండి. మంచినీళ్ళు పొద్దుటి నుంచే తాగించండి. ఎంత ఉన్ని కప్పుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. టక్సీడో వేసుకున్నవాడి పక్కనే జీన్స్, బూట్లతో వచ్చినవాళ్ళూ కూర్చుంటారు.

సీట్లన్నిటి మీదా కప్పు ఉంది. 1998లో ఈ థియేటరు కట్టక ముందు మధ్య వరసల మీద ఆకాశమే ఉండేదట, వానొస్తే తడవడమే. పక్కలు మాత్రం ఇప్పటికీ తెరిచే ఉంటాయి. జులై, ఆగస్టుల్లో సాయంత్రం ఉరుములు వానలు మామూలే కాబట్టి అంచు సీట్లు వద్దు, మధ్యలో తీసుకోండి. కొనేటప్పుడే మోకాళ్ళ సంగతి చెబితే మెట్లు తక్కువున్న చోటు చూసి ఇస్తారు. న్యూ మెక్సికోలో ఉంటూ మొదటిసారి కొనేవాళ్ళకి ధర తగ్గిస్తారు, అదీ అడగండి.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. అదే 2018లో డాక్టర్ అటామిక్ అనే ఆపెరా కూడా చూశాం. 1945 జులైలో మొదటి అణుబాంబు పరీక్షకి ముందు గంటలు, దాని తయారీ వెనకున్న మనుషులు, అదీ కథ. స్టేజి వెనక గోడ లేదు. పడమటి కొండల మీద దూరంగా వరసగా దీపాలు. అవి మా ఊరి దీపాలు. కథలో బాంబు తయారైన ఊరు. మావారు ఆ రాత్రి ఇంటికొచ్చేదాకా కార్లో ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్తే పొద్దు కుంకకముందే వెళ్ళి మీ నాన్నగారిని సీట్లో కూర్చోబెట్టండి. ఆ కొండల వెనక వెలుతురు పోవడం ఆయన చూడాలి.

నిలబడి_చూసేవాడు

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు 2019లో ఇక్కడే లా బొహెమ్ నిలబడి చూశాను. చివరి వరస వెనక నిలబడేవాళ్ళకి చవక టికెట్లుంటాయి. మీ నాన్నగారికి అది కుదరదు గానీ నేను నిలబడిన చోటు నుంచి ఒకటి చెప్పగలను: అంత వెనక్కి కూడా ఊపిరి తీసుకోవడం వినపడింది. మైకు పెట్టరు.

ఆలస్యంగా వెళ్ళకండి, మొదలయ్యాక మధ్యలో విరామం వచ్చేదాకా లోపలికి పంపరు. కార్లు ఆపే చోటే జనం బల్లలు వేసుకుని, గుడ్డ పరిచి, కొవ్వొత్తులు పెట్టుకుని భోంచేస్తారు. అది అక్కడి ఆనవాయితీ. మేం పులిహోర తీసుకెళ్ళాం, పక్క బల్లవాళ్ళు అడిగి మరీ తిన్నారు.

నాలుగో అంకంలో ఒక చిన్న పాట వస్తుంది, చాలామంది పట్టించుకోరు. మీమీ మందుల కోసం డబ్బు కావాలి. నలుగురిలో తత్త్వశాస్త్రం చదివే కుర్రాడు తన పాత కోటు తాకట్టు పెట్టడానికి బయలుదేరుతూ ఆ కోటుకి వీడ్కోలు చెబుతాడు. మంద్రంలో, రెండే నిమిషాలు. నాకప్పుడు ఉన్న కోటు కూడా ఒక్కటే. ఆ పాట దగ్గర నాన్నగారిని కాస్త జాగ్రత్తగా వినమనండి.

శబ్దశాస్త్రం

మైకు లేకుండా ఎలా వినపడుతుందని మీ నాన్నగారు అడిగితే ఇది చెప్పండి, వాద్యం తెలిసినవారు కాబట్టి ఆయనకి నచ్చుతుంది. పెద్ద ఆర్కెస్ట్రా శబ్దంలో బలమంతా 500 హెర్ట్జ్ (అంటే సెకనుకి 500 కంపనాలు) చుట్టుపక్కల ఉంటుంది, పైకి వెళ్ళేకొద్దీ తగ్గిపోతుంది. సాధన చేసిన గాయకుడు గొంతులో స్వరపేటిక పైభాగాన్ని ఇరుకు చేసి 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక మెరుపు తెచ్చుకుంటాడు. అక్కడ ఆర్కెస్ట్రా బలహీనం, మన చెవి మాత్రం చాలా చురుకు. అంటే గాయకుడు అరవై వాద్యాల కంటే గట్టిగా అరవడం లేదు, అవి ఖాళీగా వదిలేసిన చోట పాడుతున్నాడు. మగ గొంతుల్లో ఇది బాగా తెలుస్తుంది. పందిరి చివరిదాకా వినపడిన ఆ పద్యాల వెనక కూడా ఇలాంటి విద్యే ఉండి ఉంటుందని నా ఊహ.

హార్మోనియంగారబ్బాయి

వెళ్ళొచ్చాం. ముగ్గురికీ నమస్కారాలు. ముఖ్యంగా కొండగాలి అక్కా, దుప్పటి మాట చెప్పినందుకు.

కథ కార్లో వెళ్తూ చెప్పాను. ఆయన మధ్యలో ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "ఆ పిల్లకి జబ్బని వాడికి ఎప్పుడు తెలుస్తుంది?" ఆరున్నరకల్లా చేరాం. దద్దోజనం తిన్నాం. పొద్దు కుంకేటప్పటికి సీట్లలో ఉన్నాం. కొండల వెనక ఎరుపు పోయి నీలం వచ్చేదాకా నాన్నగారు ఏమీ మాట్లాడలేదు. దూరంగా వాన, మెరుపులు కనిపిస్తున్నాయి గానీ మా మీదకి రాలేదు.

మొదటి అంకంలో ఆ కుర్రాడు అమ్మాయి చెయ్యి పట్టుకుని పాట ఎత్తుకున్నాడు. నేను ముందున్న తెర చదువుతున్నాను. ఎందుకో పక్కకి చూశాను. నాన్నగారి కుడి చెయ్యి దుప్పటి మీద ఉంది, వంగని ఆ వేళ్ళే హార్మోనియం మెట్లు వెతుక్కుంటున్నాయి. ఒక చోట ఆగాయి, నొక్కి పట్టుకున్నాయి. పాట పైస్థాయికి వెళ్ళినప్పుడు చెయ్యి గాల్లోకి లేచి అక్కడే ఉండిపోయింది. అందరూ చప్పట్లు కొడుతుంటే కూడా ఆయన కొట్టలేదు, చెయ్యి దించడం మర్చిపోయారు.

విరామంలో అన్నారు: "ఒకటిన్నర శ్రుతి. మొదలుపెట్టడం పంచమం మీద నిలబడి మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు, చూశావా? పద్యం అలాగే ఎత్తుకోవాలి. ముందే అరిస్తే ఇక ఎక్కడికి వెళ్తావు?" ఇంటికొచ్చాక చూస్తే నిజమే, ఆ పాట డి ఫ్లాట్ మేజర్‌లోనే ఉంది, అంటే మన లెక్కలో ఒకటిన్నరే. ఆయన చేతిలో శ్రుతిపెట్టె కూడా లేదు.

చివర్లో, గదిలో ఉన్నవాళ్ళందరికీ మీమీ పోయిందని తెలుస్తుంది, ఆ కుర్రాడికి తప్ప. అందరి ముఖాలూ చూస్తాడు. అప్పుడు ఆమె పేరు పెట్టి రెండుసార్లు పిలుస్తాడు. మా అమ్మ ఆసుపత్రిలో పోయినప్పుడు గది బయట ఉన్న మా అందరికీ తెలిసింది, మందులు కొనడానికి వెళ్ళిన నాన్నగారికి తప్ప. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తుకు రాలేదు. కార్లో గుర్తొచ్చి, తీసుకెళ్ళి తప్పు చేశానా అనిపించింది. ఆయన్నే అడిగాను. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "వాడు సరిగ్గా పిలిచాడురా" అన్నారు.

మోకాళ్ళు నొప్పి పుట్టాయి, రెండు రోజులు కాపడం పెట్టాం. చలికి ఏమీ కాలేదు. కోటు పాట ఆయనకి ఇంకా గుర్తుంది, పొద్దున పళ్ళు తోముకుంటూ మంద్రంలో తీస్తున్నారు, మాటలు మాత్రం మన పద్యాలవి.

నిన్న రిగొలెట్టో అనే ఇంకో ఆపెరా కథ అడిగారు. తండ్రీకూతుళ్ళ కథ అని చెప్పాను, ముగింపు కూడా చెప్పాను. "అయితే అదీ విందాం" అన్నారు. తిరుగు ప్రయాణానికి ఇంకా పన్నెండు రోజులుంది. ఈసారి మెట్లు ఇంకా తక్కువున్న చోట సీట్లు దొరుకుతాయేమో తెలిసినవాళ్ళు చెప్పగలరా?