అప్‌డేట్: బాయిలర్ హై ప్రెషర్ అలారం ముందే మోగడానికి కారణం దొరికింది

8 బార్ పీడనం దగ్గర మోగవలసిన అలారం, బాయిలర్ డ్రమ్ (ఆవిరి చేరే పాత్ర) మీది గేజి 7.7 చూపుతుండగానే ఎందుకు మోగుతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీరు సూచించినట్టు ట్రిప్ యాంప్లిఫయర్‌కు (సిగ్నల్ కరెంటు హద్దు దాటగానే అలారం మోగించే పరికరం) కాలిబ్రేటర్‌తో (కచ్చితమైన కరెంటు ఇచ్చే పరీక్ష పరికరం) నేరుగా కరెంటు ఇచ్చి మెల్లగా పెంచుతూ చూడగా, 0–10 బార్ రేంజికి వచ్చే 4–20 మిల్లీయాంపుల సిగ్నల్‌లో సరిగ్గా 8 బార్‌కు సమానమైన 16.8 మిల్లీయాంపుల దగ్గరే అలారం రిలే ట్రిప్ అయింది కాబట్టి, లోపం అందులో లేదని తేలింది. అసలు కారణం ఇంపల్స్ లైను (డ్రమ్ నుంచి పీడనాన్ని ట్రాన్స్‌మిటర్‌కు చేర్చే సన్నని గొట్టం): పీడనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే ట్రాన్స్‌మిటర్, ఆ గొట్టం డ్రమ్‌కు కలిసే చోటైన ట్యాపింగ్‌కు 3 మీటర్ల దిగువన ఉన్నందువల్ల, గొట్టంలో నిలిచిన నీటి బరువే సుమారు 0.3 బార్ అదనంగా చూపిస్తోంది. సెట్ పాయింటును (అలారం మోగే హద్దును) 8.3కు జరిపితే సరిపోతుందని ఒకరన్నారు గానీ, ఇండికేటర్ రీడింగు తప్పుగానే మిగులుతుంది కనుక నేను అందుకు ఒప్పుకోలేదు. ఆ 0.3 బార్ లెక్కలోంచి పోయేలా ట్రాన్స్‌మిటర్ రేంజినే 0.3–10.3గా మార్చాను. ఇప్పుడు పెరిగేటప్పుడు 8.0 దగ్గర మోగి, తగ్గేటప్పుడు 7.8 దగ్గర ఆగుతోంది. రెండింటినీ డ్రమ్ గేజితో సరిచూసి రిజిస్టరులో రాశాను.