98 ఏండ్ల తాతకు ఏ జీన్ టెస్ట్ చేయించాల?

గంగజాతర_తిరుపతి:
తాతకు 98. షుగర్, బీపీ లేవు. పుట్టింది ప్రభవలో అంటారు, ఆధార్‌లో మాత్రం 1-1-1930. ఏ జీన్లు చూడాల? రక్తం ఇయ్యాల్నా, ఉమ్మా? (నోట్లో వక్కాకు ఎప్పుడూ ఉంటాది.) ఆ ఆయుస్సు మాకూ వస్తాదా?

స్వర్ణముఖి:
చివరిదానికి మాత్రం చెప్తా. డెన్మార్క్ కవలల లెక్కలో (1996) ఆయుస్సులో వంశం వాటా మగవాళ్లకు 26 శాతం, ఆడవాళ్లకు 23. 2018లో కోట్ల మంది వంశవృక్షాలు తిరగేస్తే అది 10 శాతం లోపే తేలింది. ఒకే రకం బతుకులవాళ్లే పెళ్లి సంబంధాలు కలుపుకుంటారు కదా, ఆ పోలికంతా రక్తం ఖాతాలో పడిపోయిందన్నమాట.

నగరి_నేత:
జీన్ సంగతి తర్వాత, ముందు వయసు తేల్చండి. ఆధార్‌లో జనవరి 1 ఉంటే చాలావరకు తేదీ తెలియక వేసిందే. ప్రభవ అంటే 1927 ఉగాది నుంచి 1928 ఉగాది దాకా.

కాణిపాకం_బావి:
పెద్దోళ్లు చెప్పే సంవత్సరాలు నమ్మితే గోవిందా. ప్రభవకు పరాభవకు ఒక్క అక్షరమే తేడా.

నగరి_నేత:
పరాభవ అంటే 1966. అప్పుడు తాతకు 60 కూడా నిండవు. దాని ముందుది 1906, అంటే 119 ఏండ్లు. రికార్డుల్లో ఇంతవరకు అందరికన్నా ఎక్కువ బతికిన జాన్ కాల్మాఁకే 122. నోటికొచ్చింది రాయకుండా లెక్క వేసి రాయి సామీ. నిజంగా తికమక పెట్టేవి దుర్మతి (1921), దుర్ముఖి (1956). 35 ఏండ్లు ఎగిరిపోతాయి.

కాణిపాకం_బావి:
పంచాంగం నీ ఒక్కడికే తెలిసినట్టు! పెద్ద బిడ్డ వయసు, తోబుట్టువుల వరస, పాత దస్తావేజులో రాసిన వయసు, ఈ మూడూ పొసిగితేనే వయసు. మిగతాదంతా పుక్కిటి పురాణం.

పైపెట్_పలమనేరు:
డీఎన్‌ఏ తీయడమే నా పని, నన్నడగండి. వక్కాకు వేసే నోటి ఉమ్ము వద్దు. ఇయ్యాల్సొస్తే అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, ఆ వయసులో నోరు ఎండిపోయి సరిపడా రాదు కూడా. ఊదామూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనీయని మందు) ట్యూబులో 3 మిల్లీలీటర్ల రక్తం తీసి, ఎనిమిది పది సార్లు మెల్లగా తిరగేయాల. కుదిపితే కణాలు పగుల్తాయి. పచ్చమూత హెపారిన్ ట్యూబు వద్దు, పీసీఆర్‌ను (డీఎన్‌ఏకు నకళ్లు తీసే పద్ధతిని) అడ్డుకుంటాది. ఇంకోటి, ముసలి రక్తంలో కొన్ని మూలకణాల సంతతే పెరిగి డీఎన్‌ఎంటీ3ఏ, టెట్2 అనే జీన్లలో మార్పులు కనపడతాయి. అవి పుట్టుకతో వచ్చినవి కావు. రిపోర్టులో చూసి కొంపలంటుకున్నట్టు గోల పెట్టొద్దు.

స్వర్ణముఖి:
ఏ జీన్లో చెప్పకుండా ట్యూబు మూతల రంగులు చెప్తాండావు.

పైపెట్_పలమనేరు:
ఏపీఓఈ (రక్తంలో కొవ్వును మోసే ప్రోటీన్ జీన్) ఒక్కటే గట్టిది. దాంట్లో ఈ2, ఈ3, ఈ4 అని మూడు రకాలు. రెండు చోట్లు చూడాల, ఆర్‌ఎస్429358, ఆర్‌ఎస్7412. ఒక కాపీలో ఆ రెండు చోట్లా అక్షరాలు వరసగా టి-టి అయితే ఈ2, టి-సి అయితే ఈ3, సి-సి అయితే ఈ4. రెండు చోట్లా సి/టి వస్తే ఈ2/ఈ4 అనుకోవాల. కొన్ని జీన్ టెస్టు చిప్‌లలో మొదటిది సరిగా చదవదు, ఖాళీ గీత వస్తాది. రిపోర్టులో ఏ, జి అక్షరాలుంటే డీఎన్‌ఏలో ఎదురు పోగు చదివినట్టు, తిప్పి చూడాల. నూరేండ్లవాళ్లలో ఈ4 తక్కువ, ఈ2 ఎక్కువ. ఈ2 రెండు కాపీలున్నోళ్లలో కొందరికి మాత్రం రక్తంలో కొవ్వు విపరీతంగా ఎక్కే జబ్బు వస్తాది.

తిరుచానూరు_చెరువు:
ఆయుస్సుకు ముడిపెట్టే ఫాక్సో3 జీన్‌ని వదిలేసినావే? 2008లో హవాయిలో జపాన్ సంతతి మగవాళ్లలో ఆర్‌ఎస్2802292 జి అక్షరం తేల్చినారు కదా.

పైపెట్_పలమనేరు:
ఉంది. దాని ప్రభావం చిన్నది, ఒక్క మనిషికి జాతకం చెప్పేంత లేదు. 2010లో 'సైన్స్' పత్రికలో 150 జీన్ గుర్తులతో 77 శాతం కచ్చితంగా నూరేండ్లు చెప్పగలమన్నారు. కొందరు ముసలివాళ్ల నమూనాలు వేరే రకం చిప్ మీద నడిపినందుకు లెక్క తప్పింది, 2011లో వెనక్కి తీసుకున్నారు.

కాణిపాకం_బావి:
మనకు మేనరికాలు ఎక్కువ, ఆ లెక్కలన్నీ తెల్లోళ్లవి.

స్వర్ణముఖి:
మేనరికం మొత్తం ఆయుస్సును కోసేయదు. ఇద్దరి దగ్గరా ఒకే చెడ్డ కాపీ ఉంటే బిడ్డలో అది జత కట్టే అవకాశం పెరుగుతాది. దానికంటే ఎంవైబీపీసీ3 అనే గుండె కండరం జీన్లో 25 అక్షరాలు ఎగిరిపోయిన లోపం చూడు, మన ఉపఖండంలో నూటికి నలుగురికి ఉంది, నడివయసు దాటినాక గుండె కండరం దెబ్బతింటాది.

కాణిపాకం_బావి:
మా ఇండ్లలో పెళ్లిళ్ల మీద నీ తీర్పేందీ?

స్వర్ణముఖి:
తీర్పు కాదబ్బా, గణితం.

తిరుచానూరు_చెరువు:
మనవళ్లు ఖర్చు పెట్టాల్సింది లైపోప్రోటీన్(ఎ) (రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం) టెస్టు మీద. అది దాదాపు పుట్టుకతో వచ్చేదే, జన్మకొక్కసారి చూస్తే చాలు. డెసిలీటరు రక్తంలో 50 మిల్లీగ్రాములు దాటితే గుండెకు గండం. టెలోమియర్ (క్రోమోజోమ్ కొసలు) కొలిచే కిట్లు దండగ.

గంగజాతర_తిరుపతి:
రక్తమే ఇస్తాం. తాత పుట్టింది చైత్రంలో, శ్రీరామనవమికి ముందు అంట.

నగరి_నేత:
మీ ఇంట్లో ఏ పంచాంగం? తెలుగుదైతే ఉగాదికే ప్రభవ మొదలు, కాబట్టి 1927 ఏప్రిల్. తమిళోళ్ల లెక్కలో ఏప్రిల్ నడుమనే సంవత్సరం మారుతుంది, అప్పుడు 1928 మార్చి.

గంగజాతర_తిరుపతి:
తాత వాళ్లమ్మది పుత్తూరు. అరవం పంచాంగమే.