అప్‌డేట్: ఔట్‌బోర్డ్ మోటార్ వేడెక్కడం ఆగింది

ఉప్పాడలో మా నాన్న వాడే పాత టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (పడవ వెనక తగిలించే మోటార్) గురించి ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. కొత్త ఇంపెల్లర్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు తోడే పంపులోని రబ్బరు రెక్కల చక్రం) వేశాక కూడా మోటార్ నుంచి బయటికొచ్చే నీటి ధార సన్నగా ఉండేది, స్పీడు పెంచితే ఇంజిన్ హెడ్డు కాలిపోయేంత వేడెక్కేది. కారణం దొరికింది, ఒకటి కాదు రెండు.

"పాత ఇంపెల్లర్ రెక్కలన్నీ ఉన్నాయా, లెక్కపెట్టు" అని మీలో ఒకరన్నారు. చూస్తే కొన్ని లేవు! మోటార్ కింది భాగం, అంటే గేర్ కేసు, దించి, నీళ్లు పైకెక్కే గొట్టంలోకి పైనుంచి హోస్‌తో కొడితే రబ్బరు ముక్కలు రాలాయి. ధార బాగుపడింది గానీ హెడ్డు మాత్రం అలాగే కాలుతోంది. ధార వస్తోందంటే పంపు నీళ్లు తోడుతోందనే అర్థం, అవి ఇంజిన్ బ్లాకంతా తిరుగుతున్నాయని కాదు.

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని నీళ్లు వదిలే వాల్వు) విప్పితే ఉప్పు గట్టిపడి ఉంది. మరిగే నీళ్లలో వేసినా తెరుచుకోలేదు. కవరు బోల్టులైతే చుక్కలు చూపించాయి, ఒకటి విరిగింది కూడా. మిగతావి వేడి చేసి మెల్లగా తిప్పితే వచ్చాయి. కొత్త థర్మోస్టాట్, కొత్త గాస్కెట్ వేశాం.

ఇప్పుడు ఫుల్ థ్రాటిల్‌లో నడిపినా టెన్షన్ లేదు. వేట నుంచి రాగానే మంచినీళ్ల డ్రమ్ములో పెట్టి, థర్మోస్టాట్ తెరుచుకునేంత వేడెక్కేదాకా నడుపుతున్నాం. లేకపోతే మంచినీళ్లు హెడ్డు దాకా వెళ్లవు.