ఆఫ్రికా సఫారీకి బృందంగా వెళ్లినవారు అనుభవాలు చెప్పండి (క్రూగర్, చోబే, విక్టోరియా జలపాతం)

మల్లెతీగ

అందరికీ నమస్కారం. వచ్చే జులైలో మా రెండు కుటుంబాలు, మా వారి స్నేహితులు కలిసి పన్నెండు మందిమి ఆఫ్రికా సఫారీకి వెళ్లాలనుకుంటున్నాం. అత్తయ్య, మామయ్య డెబ్బైకి దగ్గర పడ్డారు. మా చిన్నవాడికి ఐదేళ్లు. ఏజెన్సీ వాళ్లు ఇచ్చిన ప్రణాళికలో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ నగరం, క్రూగర్ పార్కు, జింబాబ్వే-జాంబియా సరిహద్దులోని విక్టోరియా జలపాతం, బోట్స్వానాలోని చోబే పార్కు, ఒకవాంగో డెల్టా, ఆఖరున నమీబియాలోని ఎటోషా పార్కు, ఇవన్నీ పది రోజుల్లో సర్దారు. ఇన్ని చోట్లు నిజంగా వీలవుతాయా? పెద్దవాళ్లు, పసివాడు తట్టుకోగలరా? మలేరియా మందులు తప్పవా? మామయ్యగారు పూర్తి శాకాహారి. వెళ్లి వచ్చినవారు చూసింది చూసినట్టు చెబితే మేలు చేసినవారవుతారు.

నల్లమల దారి

అమ్మా, ముందు ఆ పట్టికలోంచి ఎటోషా తీసేయండి. ఎంతో గొప్ప చోటు అది. ఒకౌకుయేజో క్యాంపులో రాత్రి దీపాల వెలుగులో నీటి మడుగు దగ్గరకు నల్ల ఖడ్గమృగాలు వస్తాయి. అందుకోసం విడిగా ఒక ప్రయాణం పెట్టుకోవచ్చు. కానీ పది రోజుల్లో నాలుగు దేశాలంటే మీరు చూసేది అడవిని కాదు, విమానాశ్రయాలను, సరిహద్దుల దగ్గర వరుసలను.

క్రూగర్ ఒక్కటే దాదాపు 20,000 చదరపు కిలోమీటర్లు. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 350 కిలోమీటర్ల పొడవు. లోపల తారు రోడ్డు మీద గంటకు 50, మట్టిదారిలో 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. జులైలో సాయంత్రం ఐదున్నరకల్లా క్యాంపు గేటు మూసేస్తారు, ఆలస్యమైతే జరిమానా. అందుకే దక్షిణ, మధ్య భాగాల్లో స్కుకూజా, లోయర్ సాబీ, సతారా క్యాంపుల మధ్యనే తిరగండి. అంతకంటే దూరం పెట్టుకుంటే రోజంతా బండి నడపడంతోనే సరిపోతుంది.

బృందంగా వెళ్లేటప్పుడు అసలు తేల్చుకోవలసింది ఏ పార్కు అన్నది కాదు. ఒక్కచోట ఎంతసేపు ఆగుతాం అన్నది. సతారా దగ్గర ఒక నీటి గుంట పక్కన మా గైడు ఇంజను ఆపేశాడు. కాసేపటికే బండిలో తలా ఒక మాట మొదలైంది. ఇక్కడ ఏమీ లేదు, పదండి అని సగం మంది. ఆయన నవ్వి, ఇంకొంచెంసేపు అన్నాడు. ఒక జిరాఫీ వచ్చింది. ముందుకాళ్లు రెండూ పక్కలకు చాపి, అంత పొడవు మెడ దించి, పెదవి నీటిని తాకిందో లేదో ఉలిక్కిపడి మళ్లీ లేచింది. అలా ఎన్నిసార్లో. దాని మెడ మీద ఎర్రముక్కు పిట్టలు పురుగులు ఏరుకుంటూనే ఉన్నాయి. ఇంతలో అవతలి గట్టున ఇంపాలాలన్నీ మేత మానేసి చెవులు ఒకే పొద వైపు తిప్పాయి. ముక్కులతో గట్టిగా బుస కొట్టాయి. అప్పుడు గైడు ఆ పొదను చూపించాడు. ఆడసింహం. అప్పటిదాకా అది అక్కడే ఉంది, మాకు కనబడలేదు, అంతే. ముందే కదిలిపోయి ఉంటే అక్కడ ఏమీ లేదనే అనుకుని వచ్చేసేవాళ్లం.

ఓపిక ఉన్నవాళ్లను ఒక బండిలో, త్వరగా కదలాలనేవాళ్లను మరో బండిలో కూర్చోబెట్టండి. మనసు నొప్పించకుండా ఇంటి దగ్గరే ఆ మాట మాట్లాడుకోండి.

జోబర్గ్ వాసి

ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను, వచ్చిన బంధువులందరినీ తిప్పేది నేనే. కొన్ని విషయాలు.

ఐదేళ్ల బాబు సంగతి ముందు తేల్చుకోండి. 6 ఏళ్లలోపు పిల్లలను తెరిచిన సఫారీ వాహనం ఎక్కించని చోట్లే ఎక్కువ. కొన్ని ప్రైవేటు లాడ్జిలు, మొత్తం వాహనం మీరే తీసుకుంటే ఒప్పుకుంటాయి. బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా అడగండి. క్రూగర్‌లో సొంతంగా అద్దె కారులో తిరిగితే ఈ ఇబ్బంది లేదు. రోడ్లు బాగుంటాయి, స్టీరింగు మనలాగే కుడివైపు. నడక సఫారీకి మాత్రం 12 ఏళ్లు నిండాలి.

జొహానెస్‌బర్గ్ నుంచి క్రూగర్ దక్షిణ గేట్లకు రోడ్డు మీద అయిదు గంటల పైమాటే. చీకటి పడ్డాక ఆ దారిలో ప్రయాణం వద్దు. పెద్దవాళ్లుంటే స్కుకూజాకు గానీ ఎంబోంబేలా దగ్గరి విమానాశ్రయానికి గానీ విమానంలో వెళ్లండి.

వీసా విషయంలో చాలామంది గమనించనిది ఒకటుంది. మీరు దక్షిణాఫ్రికాలో దిగి, బోట్స్వానా, జింబాబ్వే చూసి, మళ్లీ దక్షిణాఫ్రికాలోకి వచ్చేటట్లయితే ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించే వీసా కావాలి. విక్టోరియా జలపాతం నుంచే నేరుగా తిరుగు ప్రయాణం పెట్టుకుంటే ఆ బెడద ఉండదు. పాస్‌పోర్టులో ఖాళీ పేజీలు చూసుకోండి, బాబు జనన ధ్రువపత్రం చేతి సంచిలో ఉంచుకోండి.

స్టెతస్కోపు

మలేరియా గురించి. క్రూగర్, చోబే, విక్టోరియా జలపాతం, మూడూ మలేరియా ఉన్న ప్రాంతాలే. జులైలో అక్కడ చలికాలం, వానలు ఉండవు కాబట్టి దోమలు తక్కువ. తక్కువ అంటే లేవని కాదు. అక్కడ ఎక్కువగా వచ్చేది ఫాల్సిపారం రకం, అదే ప్రాణాంతకమైనది.

సాధారణంగా రెండు మందుల్లో ఒకటి రాస్తారు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ఆ ప్రాంతానికి చేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చేశాక ఇంకో 7 రోజులు వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక 4 వారాలు వాడాలి. 8 ఏళ్లలోపు పిల్లలకు ఇది ఇవ్వరు, పైగా ఎండకు చర్మం కందుతుంది. మీ మామయ్యగారు, అత్తయ్యగారు బీపీకో రక్తం పలచబడటానికో మందులు వాడుతూ ఉంటే ఆ చీటీలన్నీ తీసుకుని ప్రయాణానికి నెల ముందే వైద్యుణ్ణి కలవండి.

తిరిగొచ్చాక మూడు నెలల్లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, వైద్యుడికి చెప్పవలసిన మొదటి మాట ఆఫ్రికా వెళ్లొచ్చామని. మామూలు జ్వరమే అని రెండు రోజులు ఇంట్లో గడిపేయవద్దు. ఈ ఒక్క మాట అందరూ గుర్తుపెట్టుకోండి.

బాబుకు మందు మింగించడం కష్టమనిపిస్తే మలేరియా లేని పార్కులున్నాయి. జొహానెస్‌బర్గ్ నుంచి మూడు గంటల లోపు పిలనెస్‌బర్గ్, బోట్స్వానా సరిహద్దును ఆనుకుని మాడిక్వే.

విశాఖ కెరటం

నల్లమల దారి గారూ, ఎటోషా వరకు మీ మాటే నా మాట. కానీ మరొకరు వచ్చి ఒకవాంగో కూడా తీసేయమంటారేమోనని ముందే రాస్తున్నాను. అంగోలా కొండల్లో కురిసిన వాన నెలల తరబడి ప్రవహించి, బోట్స్వానాలో చుక్క వాన లేని జూన్, జులై, ఆగస్టు నెలల్లో ఆ డెల్టాను నింపుతుంది. సముద్రాన్ని చేరకుండా ఆ నీరంతా కలహారి ఎడారి ఇసుకలోకి, గాలిలోకి పోతుంది. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో 1000వ స్థలంగా చేరింది ఇదే. మొకోరో అనే సన్నటి పడవలో ఇద్దరిని కూర్చోబెట్టి, వెనకనుంచి పడవవాడు గడ వేసి తోస్తాడు. నీటి మట్టానికి జానెడు పైన కూర్చుంటాం. తామరాకుల మధ్య రెల్లు కాడ మీద అతుక్కుని గోరంత కప్ప కనబడింది. బండిలో తిరిగితే అది కనబడే అవకాశమే లేదు. మళ్లీ ఎప్పుడు వెళ్తారో తెలియనప్పుడు దాన్ని ఎలా వదులుకుంటారు?

నల్లమల దారి

కెరటం గారూ, ఒకవాంగో గొప్పతనం కాదనను. కానీ బోట్స్వానాలోని మౌన్ ఊరి నుంచి చిన్న విమానం ఎక్కాలి, చేతి సంచితో కలిపి మనిషికి 20 కిలోలకు మించనివ్వరు, చక్రాలు లేని మెత్తటి సంచే తేవాలంటారు. ఖర్చు తడిసి మోపెడవుతుంది. మొకోరోలో మోకాళ్లు ముడుచుకుని కూర్చోవడం డెబ్బై ఏళ్లవారికి అంత తేలిక కాదు. ఒకవాంగో వెళ్లేటట్లయితే క్రూగర్ మానుకోవాలి. రెండూ కుక్కితే రెంటికీ న్యాయం జరగదు.

విశాఖ కెరటం

అయితే నేను క్రూగర్ మానుకోమంటాను. ఇక్కడ మనిద్దరికీ పొత్తు కుదరదు :)

కొల్లేటి కొంగ

పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి నా ఓటు చోబేకి. కసానే ఊరి నుంచి మధ్యాహ్నం పడవ ఎక్కితే గతుకుల దారి లేదు, దుమ్ము లేదు, నడుము నొప్పి లేదు. వానలు లేని ఈ కాలంలో లోపలి గుంటలు ఎండిపోవడంతో ఏనుగులన్నీ నదికి వస్తాయి. 2022లో అంగోలా, బోట్స్వానా, నమీబియా, జాంబియా, జింబాబ్వే, ఈ అయిదు దేశాలు కలిసి కాపాడుకునే అటవీ ప్రాంతంలో విమానాల మీద నుంచి లెక్కపెడితే సుమారు 2,28,000 ఏనుగులు తేలాయి, అందులో 1,32,000 దాకా బోట్స్వానాలోనివే. ఆ లెక్కకు అర్థం చోబే ఒడ్డున తెలుస్తుంది.

మా పడవ సెడుడు దీవి పక్కన ఆగినప్పుడు ఒక పెద్ద మగ ఏనుగు నీళ్లలో నిలబడి గడ్డి పీకుతోంది. పీకిన కట్టను తొండంతో పట్టుకుని నీళ్లలో ఇటూ అటూ ఆడించి, వేళ్లకంటిన బురదంతా వదిలాక నోట్లో పెట్టుకుంటోంది. ప్రతి కట్టకూ అదే వరస. మా అమ్మ అది చూస్తూ, సింహాలు చూపిస్తామని పడవవాడు తొందరపెట్టినా కదలనివ్వలేదు. ఆవిడ చేసిందే సరైన పని.

పిట్టల మీద ఇష్టం ఉన్నవారికి ఇంకో మాట. దసరాకు మనం ఊరు దాటి వెళ్లి మరీ చూసే పాలపిట్టకు దగ్గరి బంధువు అక్కడ కొమ్మకొమ్మకూ ఉంది, మెడా రొమ్మూ ఊదా రంగులో. గైడును ఆపమని అడగండి. మొహమాటపడితే పెద్ద జంతువుల కోసం పరుగులు పెడుతూనే ఉంటారు. సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, అడవి గేదె, ఈ అయిదింటి పట్టిక వేటగాళ్ల కాలం నాటిది, కాలినడకన వేటాడటానికి అతి ప్రమాదకరమైనవని చేసుకున్నది. కెమెరా పట్టుకున్న మనం దానికి కట్టుబడి ఉండనక్కరలేదు. అడవికుక్కల గుంపు కనబడితే సింహాన్ని వదిలేసి అయినా వాటి దగ్గరే ఉండిపోండి. మన రేచుకుక్కలు వేరు, ఇవి వేరు. ఒళ్లంతా మచ్చలు, గుండ్రటి పెద్ద చెవులు. వేట పడ్డాక ముందు పిల్లలను తిననిస్తాయి.

ఖడ్గమృగం కనబడితే ఫొటో తీసుకోండి, కానీ ఏ దారిలో చూశారో ఎక్కడా రాయవద్దు. ఫోనులో స్థలం నమోదయ్యే సదుపాయం ఆపేయండి. కొమ్ము కోసం చంపేవాళ్లు అవి కూడా గమనిస్తుంటారు.

పోపుల పెట్టె

తిండి గురించి ఎవరూ రాయలేదు. ముందుగా శాకాహారమని, గుడ్డు కూడా తినరని విడివిడిగా చెప్పాలి. చాలాచోట్ల చేపను శాకాహారంలో కలిపేస్తారు. మొక్కజొన్న పిండితో వండే పాప్ మన సంకటిలాగే ఉంటుంది, దానికి చకలకా అనే కారపు కూర జత. మా మామగారు అది కలుపుకుని హాయిగా తిన్నారు. పులిహోర పొడి, కందిపొడి తీసుకెళ్లండి. మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు. బోట్స్వానాలో పశువులకు గాలికుంటు వ్యాధి రాకుండా గట్టి కాపలా ఉంటుంది. సరిహద్దు దగ్గర, దారిలో కంచెల దగ్గర మాంసం తీసేసుకుంటారు, చెప్పులను కూడా మందు నీళ్లలో ముంచమంటారు. అలా ముంచడానికి పనికొచ్చే జోడు ఒకటి సంచిలో పైన ఉంచుకోండి.

చలి సంగతి కూడా. తెల్లవారుజామున తెరిచిన బండిలో గాలి కొడుతుంటే ఉన్ని టోపీ, చేతి తొడుగులు లేకుండా కూర్చోలేరు. పదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది. ఒకదాని మీద ఒకటి వేసుకునే పలుచని బట్టలు మేలు.

డబ్బు దగ్గర: పార్కు రుసుము రోజుకు, మనిషికి ఇంతని విడిగా ఉంటుంది. మాకు అన్నీ కలిపే అని చెప్పిన ఏజెంటు గేటు దగ్గరకు వచ్చాక అది మీరే కట్టాలన్నాడు. గైడుకిచ్చే బహుమానం కూడా కలపరు. కాబట్టి ఏమేమి కలిసి ఉన్నాయో కాకుండా, ఏమేమి లేవో రాసివ్వమనండి.

మల్లెతీగ

అందరికీ ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. నిన్న రాత్రి ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఎటోషా, ఒకవాంగో రెండూ తీసేశాం (కెరటం గారూ, మన్నించండి, మా వారు ఇప్పటికే మళ్లీ వెళ్దామంటున్నారు). దక్షిణ క్రూగర్‌లో ఎక్కువ రోజులు, అక్కడి నుంచి విమానంలో విక్టోరియా జలపాతం, తర్వాత రోడ్డు మీద కసానే. మలేరియా మందుల గురించి పిల్లల వైద్యుణ్ణి ఈ వారమే కలుస్తున్నాం. రెండు ప్రశ్నలు మిగిలాయి. జులైలో జలపాతం బాగుంటుందా? పన్నెండు మందికి ఒకే పెద్ద వాహనమా, రెండా?

జోబర్గ్ వాసి

జులై మంచి సమయం. ఏప్రిల్, మే నెలల్లో నీరు ఎంత ఎక్కువంటే తుంపరల తెర వల్ల జలపాతమే సరిగా కనబడదు. అక్టోబరు, నవంబరులో జాంబియా వైపు చాలా భాగం రాయే మిగులుతుంది. జులైలో నీరూ ఉంటుంది, 1,708 మీటర్ల వెడల్పూ కళ్లకు ఆనుతుంది. రెయిన్‌కోటు మరవకండి. అక్కడి నుంచి కసానే 80 కిలోమీటర్లే, కానీ సరిహద్దు పని కలిపి సగం పూట కేటాయించుకోండి.

నల్లమల దారి

రెండు వాహనాలే తీసుకోండి. సఫారీ బండిలో మెట్లు మెట్లుగా మూడు వరసలుంటాయి, మధ్య సీటు వారికి రెండు వైపులా తలలే అడ్డం. ఆరుగురు చొప్పున కూర్చుంటే ప్రతి ఒక్కరికీ ఒక పక్క దొరుకుతుంది. పెద్దవాళ్లను డ్రైవరు వెనక వరసలో కూర్చోబెట్టండి, వెనక చివరి వరసలో కుదుపు ఎక్కువ. మిగతావారు పూటపూటకూ సీట్లు మారాలని మొదటి రోజే అనుకోండి. బాబును బండిలో లేచి నిలబడనివ్వకండి, చెయ్యి బయటపెట్టనివ్వకండి. బండి ఆకారం చెదరనంతవరకే జంతువులు దాన్ని పట్టించుకోవు.