మోకాలు నొప్పిగా ఉంటే పరుగు మానాలా, తగ్గించాలా?

తెల్లవారి పరుగు:
నా వయసు 46. రెండేళ్లుగా కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెత్తుతున్నాను. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కు, అంటే 21.1 కిలోమీటర్లకు, పేరు ఇచ్చాను. గత నెల వారానికి 22 కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా 38కి పెంచాక, కుడి మోకాలి చిప్ప వెనుక నొప్పి మొదలైంది. పరుగులో మొదటి రెండు కిలోమీటర్లు ఉండి తగ్గిపోతుంది. మెట్లు దిగేటప్పుడూ, సినిమా హాల్లో చాలాసేపు కూర్చొని లేచేటప్పుడూ మాత్రం పట్టేస్తుంది. వాపు లేదు. ఇంట్లో వాళ్లు గుజ్జు అరిగిపోతుంది, మానెయ్యమంటున్నారు. తోటి రన్నర్లు ఇది మామూలే, అలవాటైపోతుందంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఫిజియో గది:
ఇద్దరి మాటా వద్దనే నా మనవి. ముందు గుజ్జు సంగతి చూద్దాం. మనం గుజ్జు అనేది ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థి. అందులో నాడులు ఉండవు కనుక నొప్పి నేరుగా దాని నుంచి రాదు. అది చెప్పు అట్టలాగా నడిచినకొద్దీ అరిగేది కూడా కాదు. భారం పడుతూ తొలగుతూ ఉంటేనే కీలులోని ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. 2017లో వెలువడిన ఒక సమీక్షలో మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల సరదాగా పరుగెత్తేవారిలో 3.5 శాతం, పరుగెత్తని వారిలో 10.2 శాతం, పోటీ స్థాయి రన్నర్లలో 13.3 శాతంగా తేలింది. మోకాళ్లు బాగున్నవారే పరుగులో నిలబడతారు కనుక పరుగు కీళ్లను కాపాడుతుందని దీన్నిబట్టి చెప్పలేము కానీ, మీ ఇంట్లో వారి భయానికి మాత్రం ఇందులో ఆధారం దొరకదు.

మీ లక్షణాలు చిప్ప వెనుక వచ్చే నొప్పికే సరిపోతున్నాయి. 22 నుంచి 38 అంటే దాదాపు 73 శాతం పెంపు. కారణం కోసం ఇంతకంటే దూరం వెతకనక్కరలేదు. పాత దూరానికి, అవసరమైతే ఇంకా కిందికి దిగి, నొప్పి పదికి రెండు దాటనంత వరకు పరుగెత్తండి. పరుగు వేగం మార్చకుండా, నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను 5 నుంచి 10 శాతం పెంచితే అడుగు పొడవు తగ్గి, చిప్ప మీద ఒత్తిడి తగ్గుతుంది. తొడ, తుంటి కండరాలకు వారంలో మూడు రోజులు పని పెట్టండి. బడిలో మాస్టారు వేయించిన గోడకుర్చీ ఇప్పుడు శిక్ష కాదు, మందు; నొప్పి లేనంత లోతుకే కూర్చోండి.

ఒకప్పటి మారథానర్:
పదికి రెండు అనే లెక్క వినడానికి బాగుంటుంది. పోటీకి పేరు ఇచ్చినవాడు అయిదును రెండనే చెబుతాడు. నేను అలాగే చెప్పాను. నొప్పి మాత్ర వేసుకొని 42.195 కిలోమీటర్లూ పూర్తి చేశాను. మరునాటికి మోకాలు వాచింది, ఆ తరువాత ఏడాది పాటు పంక్తిలో బాసింపట్టు వేసుకొని భోజనానికి కూర్చోలేకపోయాను. నలభై దాటిన శరీరం కోలుకోవడానికి ఎక్కువ సమయం అడుగుతుంది. హైదరాబాద్ మారథాన్ మార్గంలో ఫ్లైఓవర్లు ఉన్నాయి, ఎక్కిన ప్రతిదీ దిగాలి, దిగుడులోనే చిప్ప మీద భారం. నెల రోజులు పూర్తిగా ఆపి, ఈ ఆగస్టును వదులుకోవడమే నా సలహా.

ఫిజియో గది:
మీ అభ్యంతరంలో సగం ఒప్పుకుంటాను. పరుగెత్తే వేళ మనిషి తనకు తానే అబద్ధం చెప్పుకుంటాడు. అందుకే మరునాటి ఉదయం మెట్లు దిగి చూసుకోవాలి. ముందటి రోజు కంటే ఎక్కువ నొప్పి ఉంటే నిన్నటి మోతాదు ఎక్కువైనట్టే. మాత్ర విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను: అది హెచ్చరికను దాచడమే కాకుండా, ఒంట్లో నీరు తగ్గిన వేళ మూత్రపిండాలకు కూడా ముప్పు. వాపు వచ్చినా, కీలు ఇరుక్కుపోయినా, కాలు నిలవకుండా వంగిపోయినా వైద్యునికి చూపించాల్సిందే.

నెల రోజుల పూర్తి విశ్రాంతిని మాత్రం ఒప్పుకోలేను. అప్పటికి నొప్పి తగ్గుతుంది, దానితోపాటు తొడ కండరం కూడా తగ్గుతుంది. మళ్లీ మొదలుపెట్టిన వారానికే అదే నొప్పి తిరిగివస్తుంది. అలాగని వారానికి పది శాతమే పెంచాలన్న నియమం కూడా వేదవాక్కు కాదు. నెదర్లాండ్స్‌లో 532 మంది కొత్త రన్నర్లపై జరిపి, 2008లో ప్రచురించిన అధ్యయనంలో నిదానంగా పెంచినవారిలోనూ, మామూలు పద్ధతిలో పెంచినవారిలోనూ అయిదుగురిలో ఒకరికి గాయమైంది.

ఒకప్పటి మారథానర్:
మెట్ల పరీక్ష బాగుంది. నా రోజుల్లో ఎవరూ చెప్పలేదు. అయినా ఈ ఆగస్టు వద్దనే అంటాను.

తెల్లవారి పరుగు:
ఆగస్టు సంగతి జూలైలో తేల్చుకుంటాను. పది రోజులుగా వారానికి 18 కిలోమీటర్ల లెక్కన, సమతలం మీదే పరుగెత్తుతున్నాను. ఈ ఉదయం లిఫ్టు ఎక్కకుండా మూడో అంతస్తు నుంచి దిగాను. మొదటి అంతస్తు మలుపు దగ్గర చెయ్యి తనంతట తానే రెయిలింగ్ మీదికి పోయింది. దాన్ని మూడుగా రాసుకున్నాను, కనుక రేపు పరుగు లేదు.